తెర దాచేది, చిట్టా చెప్పేది

పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా కంప్యూటర్ తప్పంటోంది, అంటే ఎవరైనా లోపల దూరినట్టేనా? లాగిన్ అయిన మరుక్షణం "మీరు పోయినసారి వచ్చి వెళ్లాక 1,200 విఫల ప్రయత్నాలు జరిగాయి" అని తెర మీద పడితే, అన్నిసార్లు తలుపు తట్టింది ఎవరు? యూనిక్స్ కుటుంబానికి చెందిన కంప్యూటర్ వాడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నలివి.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ పుట్టింది. దాని తరహాలోనే 1991లో లినక్స్ మొదలైంది. ఇవి మహానగరాలకే పరిమితమైన సరుకు ఎప్పుడూ కాదు, ఇప్పుడైతే అసలే కాదు. ఉత్తర తెలంగాణలో 2007లో నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ, అదే ఏడాది కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2020 జులైలో కరీంనగర్ ఐటీ టవర్ తెరుచుకుంది. కంప్యూటర్ చదువు, కంప్యూటర్ కొలువు ఉన్నచోట లినక్స్ ఉండి తీరుతుంది. చదువుతో పని లేనిచోట కూడా ఉంటుంది. కిరాణా దుకాణంలో సీసీ కెమెరాల రికార్డర్ పెట్టె, ఇంట్లో వైఫై రూటర్, ఊళ్లో ఎవరో నెలవారీ అద్దెకు తీసుకుని వెబ్‌సైట్ నడిపే సర్వర్, వీటిలో చాలావాటి లోపల ఉండేది లినక్సే.

లాగిన్ దగ్గర వచ్చే అనుమానాస్పద సందేశాల్లో ఎక్కువవాటి వెనక దొంగ ఉండడు. కొన్నింటి వెనక ఉంటాడు. ఏది ఏదో తేల్చే దారి ఒకటుంది: తెర మీద కనబడిన మాటను, అదే క్షణంలో యంత్రం లోపల రాసుకున్న మాటతో పక్కపక్కన పెట్టి చదవడం.

తెర పొదుపుగా మాట్లాడటానికి కారణం

యూనిక్స్ లాగిన్ తెర చెప్పే మాట చాలా చిన్నది. "లాగిన్ తప్పు" అంటుంది, లేదా "అనుమతి లేదు, మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. పేరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా అన్నది చెప్పదు. ఆ పేరుగల వాడుకరి అసలు లేకపోయినా పాస్‌వర్డ్ అడుగుతుంది, అడిగాకే కాదంటుంది. కొత్తవాళ్లకు ఇది మొండితనంలా కనిపిస్తుంది గానీ, ఇందులో ఎంతో ముందుచూపు ఉంది. "ఈ పేరుతో ఎవరూ లేరు" అని తెర చెప్పేస్తే, ఊహించి కొట్టేవాడు ముందు పేర్లన్నీ ఏరుకుని, ఆ తర్వాత తీరిగ్గా పాస్‌వర్డ్‌ల మీద పడతాడు. అందుకే దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కార్యక్రమం, లేని పేరు వచ్చినప్పుడు కూడా ఉత్తుత్తి పాస్‌వర్డ్ ఒకదాన్ని సరిచూసినంత పని చేస్తుంది. జవాబు రావడానికి పట్టే సమయాన్ని బట్టి కూడా ఏమీ పసిగట్టకూడదని.

పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు చుక్కలైనా కనపడకపోవడం కూడా ఇటువంటిదే. పక్కన నిలబడ్డవాడికి అక్షరాల సంఖ్య సైతం తెలియకూడదు.

యంత్రానికి మాత్రం పాస్‌వర్డ్ తెలుసా అంటే, తెలియదు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసంలో వివరించిన పద్ధతే నేటికీ పునాది. పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని లెక్కలోకి పంపి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే భద్రపరుస్తారు. ఇద్దరు ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా ఫలితాలు వేరుగా రావడానికి ఒక్కొక్కరికి వేరే యాదృచ్ఛిక సంఖ్యను కలుపుతారు. దీన్ని ఉప్పు అంటారు. లాగిన్ సమయంలో కొట్టినదాన్ని మళ్లీ అదే లెక్కలోకి పంపి, దాచిన ఫలితంతో పోలుస్తారు. కాబట్టి పాత పాస్‌వర్డ్ ఏమిటో చెప్పమని నిర్వాహకుణ్ణి అడిగినా ప్రయోజనం లేదు. ఆయన కొత్తది పెట్టగలడు, అంతే. పాతది చదివి చెప్పగలిగే నిర్వాహకుడు ఉన్నాడంటే, ఆ యంత్రం పాస్‌వర్డ్‌లను దాచే తీరులోనే పెద్ద లోపం ఉందని అర్థం.

బొగ్గుబాయి మస్టరు

తెర దాచిన వివరాన్ని యంత్రం తన చిట్టాల్లో రాసుకుంటుంది. ఆ చిట్టాలు ఎన్ని రకాలో తెలియాలంటే గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు సింగరేణి గనుల పద్ధతి గుర్తు తెచ్చుకుంటే చాలు. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు ముందు మస్టరు పడతాడు. ల్యాంప్ రూంలో టోపీ దీపం తీసుకుని బాయిలోకి దిగుతాడు. షిఫ్టు దిగి పైకి వచ్చాక దీపం తిరిగి అప్పగిస్తాడు. ఏ దీపం ఇంకా రాలేదో చూస్తే, లోపల ఎవరు ఉండిపోయారో తెలిసిపోతుంది. గనిలో ఇది ప్రాణాలకు సంబంధించిన లెక్క, ఒక్క పేరు కూడా తప్పిపోకూడదు.

యూనిక్స్‌లో యూటీఎంపీ అనే దస్త్రం ఇంకా తిరిగిరాని దీపాల లెక్క. ఈ క్షణాన లోపల ఉన్నదెవరో చెబుతుంది. 'హూ' అని టైపు చేస్తే ఆ జాబితా వస్తుంది. డబ్ల్యూటీఎంపీ అసలు మస్టరు పుస్తకం. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్లారు, యంత్రం ఎప్పుడు ఆగి లేచింది అన్నీ అందులో ఉంటాయి. 'లాస్ట్' అనే ఆదేశం దాన్ని చదివి వినిపిస్తుంది. గేటు దగ్గరే వెనక్కి పంపినవాళ్ల పుస్తకం బీటీఎంపీ. దాన్ని చదవడానికి 'లాస్ట్‌బీ' ఉంది, అదీ సర్వాధికారి అయిన రూట్‌కు మాత్రమే. ఒక్కొక్కరి కడపటి రాక మాత్రమే చూపేది 'లాస్ట్‌లాగ్'.

ఇవి కాక మాటల్లో రాసే చిట్టా మరొకటి ఉంది. డెబియన్, ఉబుంటు అనే లినక్స్ పంపిణీల్లో దాని పేరు ఆథ్ డాట్ లాగ్, రెడ్‌హ్యాట్ కుటుంబంలో సెక్యూర్. రెండూ 'వార్' కింద ఉన్న 'లాగ్' సంచయం (ఫోల్డర్)లోనే ఉంటాయి. కొత్త యంత్రాల్లో 'జర్నల్‌సీటీఎల్' ఆదేశం కూడా ఇదే సమాచారం ఇస్తుంది. ఇలా మాటల్లో చిట్టా రాసే అలవాటు 1980ల్లో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ తన మెయిల్ కార్యక్రమం కోసం రాసిన సిస్‌లాగ్‌తో మొదలై, యూనిక్స్ అంతటా పాకింది.

దొంగకంటే ముందు కీబోర్డు

తెర తప్పంటే మొదట అనుమానించాల్సింది వేళ్లను, మీటలను. క్యాప్స్ లాక్ సంగతి అందరికీ తెలుసు. తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఉత్తరాలు తెలుగులో టైపు చేసే ఆఫీసుల్లో కీబోర్డు పదేపదే ఇంగ్లిషుకు, తెలుగుకు మారుతుంటుంది. ఇన్‌స్క్రిప్ట్ అమరిక మీద ఉండగా కె మీట నొక్కితే క పడుతుంది, హెచ్ నొక్కితే ప పడుతుంది, ఐ నొక్కితే గ పడుతుంది. పాస్‌వర్డ్ గడిలో ఏదీ కనపడదు కాబట్టి కొట్టేవాళ్లకు తేడా తెలియదు. యంత్రానికి అందేది పూర్తిగా వేరే సరుకు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, యూనికోడ్‌లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పడతాయి. వేలు పెట్టిన మీటలన్నీ సరైనవే, పాస్‌వర్డ్ మాత్రం మొత్తం తప్పు. చిట్టాలో ఇది అసలైన వాడుకరి పేరు మీద, ఆఫీసు వేళల్లో, ఆ గదిలోని యంత్రం నుంచే వచ్చిన రెండు మూడు వైఫల్యాలుగా కనిపిస్తుంది.

అమరిక సరిచూసుకోవడానికి వాడుకరి పేరు గడిలో ఒకటి రెండు అక్షరాలు కొట్టి చూసి చెరిపేయవచ్చు. పాస్‌వర్డ్ మొత్తాన్ని మాత్రం అక్కడ ఎన్నడూ కొట్టకూడదు. తొందరలో పేరు గడిలో పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కేసే పొరపాటు లోకమంతటా జరుగుతుంది. ఎస్ఎస్‌హెచ్ దాన్ని లేని వాడుకరి పేరుగా భావించి, ఉన్నదున్నట్టు చిట్టాలో రాసేస్తుంది. అంత కట్టుదిట్టంగా దాచిన రహస్యం ఇప్పుడు తేటతెల్లంగా చిట్టాలో కూర్చుంటుంది. యంత్రం ముందు కూర్చుని చేసే లాగిన్‌కు బాధ్యత వహించే పాత కార్యక్రమం ఈ ప్రమాదాన్ని ముందే ఊహించింది. ముక్కూమొహం తెలియని పేరు వస్తే దాన్ని రాయకుండా 'తెలియని వ్యక్తి' అని మాత్రమే రాస్తుంది. చిట్టాలో పాస్‌వర్డ్ లాంటి పేరు కనబడితే ఆ మనిషికి చెప్పి వెంటనే పాస్‌వర్డ్ మార్పించాలి. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు. చెప్పకుండా దాచడమే నష్టం.

తాళం పడటం మరో కారణం. వరుసగా తప్పులు పడితే ఖాతాను కాసేపు మూసేసే ఫెయిల్‌లాక్ అనే ఏర్పాటును చాలాచోట్ల పెడతారు. మార్చకుండా వదిలేస్తే, మూడు తప్పులకు పది నిమిషాలపాటు మూసేయడం దాని నియమం. ఆ పది నిమిషాల్లో సరైన పాస్‌వర్డ్ కొట్టినా తప్పనే జవాబే రావచ్చు. "ఎవరో నా పాస్‌వర్డ్ మార్చేశారు" అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడాల్సింది ఇదే. ఒక టీ తాగి వచ్చాక అదే పాస్‌వర్డ్ పనిచేస్తే చిక్కు వీడినట్టే. అయితే ఆ మొదటి మూడు తప్పులు ఎవరివన్నది తేలాలి. అవి ఆ మనిషివే అయితే సరే. ఆ సమయంలో తను యంత్రం దగ్గరే లేనంటే, అనుమానానికి తావుంది.

డిస్క్ నిండిపోయినా లాగిన్ చెడుతుంది. పాస్‌వర్డ్ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని, క్షణంలో మళ్లీ లాగిన్ తెరకే వచ్చి ఆగుతుంది. వాడుకరి సొంత దస్త్రాలుండే ఇంటి సంచయంలో చిన్న దస్త్రం రాసుకోవడానికైనా చోటు లేకపోవడం దీనికి తరచుగా కనిపించే కారణం. వెనక్కి పంపినవాళ్ల పుస్తకమైన బీటీఎంపీయే దాడుల తాకిడికి గిగాబైట్లకు ఉబ్బి డిస్క్‌ను నింపేసిన సందర్భాలు కూడా ఉంటాయి.

గడియారం సంగతి వేరే చెప్పుకోవాలి. పాత కంప్యూటర్లో కాలాన్ని నిలిపి ఉంచేది మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ. అది చచ్చిపోయాక కరెంటు పోయి వస్తే గడియారం ఎప్పటిదో పాత తేదీకి వెళ్లిపోతుంది. బ్యాటరీ గడియారమే లేని చిన్న బోర్డులూ ఉన్నాయి. ఇంటర్నెట్ అందితే తేదీ తనంతట తాను సర్దుకుంటుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే ఏజెన్సీ మండలాల్లో ఆ సర్దుబాటు ఆలస్యం కావచ్చు. ఈలోపు జరిగిన లాగిన్లన్నీ తప్పు తేదీతో చిట్టాలోకి ఎక్కుతాయి. యూనిక్స్ కాలాన్ని 1970 జనవరి 1 గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి సెకన్లలో లెక్కిస్తుంది. ఆ సున్నా భారత కాలమానంలో తెల్లవారి 5:30. కాబట్టి చిట్టాలో 1970 జనవరి 1 ఉదయం 5:30కి ఎవరో వచ్చినట్టు ఉంటే అది గడియారం లేదా ఖాళీ పద్దు చేసిన పని, మనిషి పని కాదు. కేంద్రీకృత లాగిన్ కోసం పెద్ద సంస్థలు వాడే కెర్బరోస్ పద్ధతిలోనైతే రెండు యంత్రాల గడియారాల మధ్య మామూలుగా ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా తలుపు తెరుచుకోదు.

అర్ధరాత్రి తలుపు తట్టేవాళ్లు

ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉన్న ఏ లినక్స్ యంత్రంలోనైనా ఆథ్ డాట్ లాగ్ తెరిస్తే ఇటువంటి వరుసలు కుప్పలుగా కనిపిస్తాయి. ఇంగ్లిషులో ఉండే ఆ వరుసను తెలుగు లిపిలో రాస్తే ఇలా ఉంటుంది:

మార్చ్ 14 20:47:05 ల్యాబ్1 ఎస్ఎస్‌హెచ్‌డి[2211]: ఫెయిల్డ్ పాస్‌వర్డ్ ఫర్ ఇన్‌వాలిడ్ యూజర్ అడ్మిన్ ఫ్రమ్ 203.0.113.45 పోర్ట్ 51122 ఎస్ఎస్‌హెచ్2

ఎడమ నుంచి ఒక్కొక్కటే చూడాలి. తేదీ ఉంది, ఏడాది లేదు. పాత పద్ధతి చిట్టాల్లో ఏడాది రాయరు. సమయం రాత్రి 8:47లా కనిపిస్తుంది. అద్దె సర్వర్లు చాలావరకు గ్రీనిచ్ కాలంలో నడుస్తాయి కాబట్టి ఐదున్నర గంటలు కలపాలి. అప్పుడది కరీంనగర్‌లో మర్నాడు తెల్లవారుజామున 2:17. ఈ లెక్క మరిచిపోతే, ఆ రాత్రి 8:47కు ల్యాబ్‌లో ఉన్న ఏ పాపం ఎరగని విద్యార్థి మీదికో అనుమానం పోతుంది. ల్యాబ్1 అన్నది యంత్రం పేరు, దాని పక్కది జవాబిచ్చిన కార్యక్రమం పేరు, కుండలీకరణంలో ఉన్నది ఆ ప్రక్రియ సంఖ్య. 'ఇన్‌వాలిడ్ యూజర్' అన్న రెండు మాటలే తెర దాచి చిట్టా చెప్పిన రహస్యం: అడ్మిన్ అనే వాడుకరి ఈ యంత్రంలో అసలు లేనే లేడు. తర్వాతది వచ్చినవాడి చిరునామా. ఇక్కడ రాసినది ఉదాహరణల కోసమే ప్రపంచవ్యాప్తంగా కేటాయించి ఉంచిన సంఖ్య. చివర ఉన్న 51122 చూసి చాలామంది తమ యంత్రంలో ఆ ద్వారం తెరుచుకుని ఉందని కంగారుపడతారు. అది అవతలివాడి వైపు ద్వారం. ఇవతలి వైపు ఎస్ఎస్‌హెచ్ ద్వారం మామూలుగా 22.

మారుమూల కళాశాల సర్వర్‌తో ఎవరికేం పని అని అడగడం సహజం. ఎవరికీ ఆ కళాశాలతో పని లేదు, అది ఎక్కడుందో కూడా తెలియదు. ఇంటర్నెట్ పాత చిరునామాల పద్ధతిలో మొత్తం ఉన్నవి సుమారు 430 కోట్ల సంఖ్యలు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్ అనే ఉపకరణంతో, ఒకే కంప్యూటర్ నుంచి ఆ చిరునామాలన్నిటి మీద ఒక ద్వారాన్ని 45 నిమిషాల్లోపే తట్టి రావచ్చని చూపించారు. ఇంత చవకైన పనిని యంత్రాలు రాత్రింబవళ్లు చేస్తూనే ఉంటాయి. ఆసిఫాబాద్ అయినా హైదరాబాద్ అయినా వాటికి ఒకటే. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్, ఉబుంటు, పై వంటి పేర్లను వరసగా ప్రయత్నించి, తెరుచుకోకపోతే ముందుకు సాగిపోతాయి. 2016లో వ్యాపించిన మిరాయ్ అనే హానికర కార్యక్రమం, తయారీదారులు పెట్టి ఇచ్చిన పేరు–పాస్‌వర్డ్ జంటలు అరవై చిల్లర మాత్రమే పట్టుకుని లక్షల కెమెరాలను, రూటర్లను వశం చేసుకుంది. కెమెరా బిగించిన రోజే దాని పాస్‌వర్డ్ మార్చని దుకాణదారుకు ఈ సంగతి ఎవరైనా చెప్పాల్సి ఉంది.

సైబర్ దాడి దెబ్బ ఎంత దగ్గరగా తగులుతుందో ఈ ప్రాంతం చూసింది. 2019 మే నెల మొదట్లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ (దస్త్రాలకు తాళం వేసి డబ్బు అడిగే కార్యక్రమం) దాడికి గురయ్యాయి. వరంగల్ కేంద్రంగా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలకు కరెంటు పంచే ఉత్తర తెలంగాణ సంస్థ కూడా వాటిలో ఉంది. ఆన్‌లైన్‌లో బిల్లు కడదామనుకున్నవాళ్లకు దారి మూసుకుపోయింది.

అయినా పై వరుస వంటివి వేలల్లో ఉన్నా, అవి యంత్రం కాదని పంపేసినవాళ్ల లెక్కే. వాటిని తగ్గించడానికి దారులున్నాయి. పాస్‌వర్డ్ బదులు తాళంచెవి జంటతో మాత్రమే లాగిన్ అనుమతించడం అన్నిటికన్నా గట్టిది. రూట్ పేరుతో నేరుగా రానివ్వకపోవడం, పదేపదే తప్పినవారి చిరునామాను కాసేపు అడ్డుకునే ఫెయిల్‌టూబ్యాన్ పెట్టుకోవడం కూడా మేలే. ఈ చివరిదానితో జాగ్రత్త అవసరం. మన దేశంలో మొబైల్ కంపెనీలు ఎంతోమంది వాడుకరులను ఒకే చిరునామా వెనక నిలబెడతాయి. కళాశాల మొత్తం ఒకే చిరునామాతో బయటికి రావడమూ మామూలే. ఒక విద్యార్థి ఐదుసార్లు తప్పు కొడితే హాస్టల్ అంతటికీ తలుపు మూసుకుపోవచ్చు. అదే కారణం వల్ల, చిట్టాలో ఉన్న చిరునామా పట్టుకుని ఫలానా మనిషే దొంగ అనడం అన్యాయం.

కొన్ని పాత ఎస్ఎస్‌హెచ్ కూర్పులు మరీ భయపెట్టేవి. వచ్చిన చిరునామాకు, దాని పేరుకు పొంతన కుదరకపోతే "చొరబాటు ప్రయత్నం కావచ్చు" అని పెద్దక్షరాల్లో రాసేవి. పొంతన కుదరకపోవడం సర్వసాధారణం, సర్వీసు ఇచ్చే కంపెనీ పేర్ల పట్టిక సరిగా పెట్టకపోయినా అలా జరుగుతుంది. తర్వాతి కూర్పుల్లో ఆ బెదిరింపు మాటను తీసేశారు.

నిజంగా భయపడాల్సినవి

మొదటిది, చాలా వైఫల్యాల తర్వాత అదే చిరునామా నుంచి ఒక్క విజయం. 'ఫెయిల్డ్' అన్న వరుసలు రెండు వందలు దాటాక 'యాక్సెప్టెడ్ పాస్‌వర్డ్' అన్న వరుస ఒకటి వస్తే, ఆ రెండు వందలను వదిలేసి ఆ ఒక్కదాని వెంటపడాలి. ఎవరి పేరు మీద వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఆ మనిషి అప్పుడు ఎక్కడున్నారు అన్నది ఆ మనిషినే నేరుగా అడగాలి. ఈ ఒక్క పని చేయకుండా ఎన్ని ఉపకరణాలు పెట్టినా వృథా.

రెండోది పాతకాలపు మోసం, ఉమ్మడి ల్యాబ్‌ల్లో ఇప్పటికీ సాధ్యమే. ఎవరో తమ ఖాతాతో లాగిన్ అయి, అచ్చం లాగిన్ తెరలాగే కనిపించే చిన్న కార్యక్రమాన్ని నడిపించి లేచి వెళ్లిపోతారు. తర్వాత వచ్చినవారు పేరు, పాస్‌వర్డ్ కొడతారు. కార్యక్రమం వాటిని దాచుకుని, "లాగిన్ తప్పు" అని చూపి, తను తప్పుకుని అసలు తెరకు దారి ఇస్తుంది. రెండోసారి కొడితే మామూలుగా తెరుచుకుంటుంది. కొట్టినవారు తమ వేలే జారిందనుకుని మరిచిపోతారు. దీన్ని పట్టించేది చిట్టాయే. తెర తప్పంది, కానీ ఆ సమయానికి చిట్టాలో వైఫల్యమే నమోదు కాలేదంటే, ఆ మాట అన్నది యంత్రం లాగిన్ కార్యక్రమం కాదు. వెంటనే వేరే యంత్రం నుంచి పాస్‌వర్డ్ మార్చుకోవాలి. లినక్స్‌లో ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ, కె మీటలు కలిపి నొక్కితే ఆ తెర మీద నడుస్తున్న కార్యక్రమాలన్నీ చచ్చి అసలు లాగిన్ తెర వస్తుంది. నిర్వాహకుడు ఆ సదుపాయాన్ని తెరిచి ఉంచితేనే. సరదాకి చేశామంటే చట్టం ఒప్పుకోదు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడటం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడే నేరం.

మూడోది యంత్రం ముద్ర మారిందన్న హెచ్చరిక. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు వింటున్నట్టు బయటపడ్డాక, అక్కడి టాటు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్‌ను రాశారు. దానిలో వాడుకరిని యంత్రం గుర్తుపట్టినట్టే, యంత్రాన్ని వాడుకరి గుర్తుపట్టే ఏర్పాటు కూడా ఉంది. మొదటిసారి కలిసినప్పుడు సర్వర్ ముద్రను దాచుకుని, తర్వాత అది మారితే పెద్దక్షరాలతో తెర నింపి లాగిన్ ఆపేస్తుంది. సర్వర్‌కు లినక్స్ మళ్లీ కొత్తగా ఎక్కించడమే దీనికి ఎక్కువసార్లు కారణం. అలాగని పాత ముద్ర చెరిపేసి ముందుకు పోవడం తగదు. నిర్వాహకుడికి ఫోన్ చేసి, ఆయన చదివే ముద్రను తెర మీది ముద్రతో అక్షరం అక్షరం సరిచూడాలి. రెండు నిమిషాల పని. మధ్యలో ఎవరో కూర్చుని వింటున్నారా లేదా అన్నది ఆ రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

వైఫల్యం తీరు కూడా కొన్నిసార్లు అసలు సంగతి చెబుతుంది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పనితీరు కొలుస్తున్నారు. ఊహించి కొట్టే యంత్రాలు మామూలుగానే ఆయన కంప్యూటర్ తలుపు తడుతున్నాయి, మామూలుగానే విఫలమవుతున్నాయి. లేని పేర్లతో వచ్చి వెంటనే వెనుదిరిగే ఆ ప్రయత్నాలకు ప్రాసెసర్ ఇంత శ్రమ ఎందుకు పడుతోందని ఆయనకు అనుమానం వచ్చింది. కొలిచి చూస్తే అంతకుముందు 0.3 సెకన్లలో తేలే లాగిన్‌కు 0.8 సెకన్లు పడుతోంది. ఆ అర సెకను ఆలస్యాన్ని పట్టుకుని లోతుకు వెళ్తే, ఎక్స్‌జెడ్ అనే దస్త్రాలను కుదించే ఉపకరణం 5.6.0, 5.6.1 కూర్పుల్లో ఎవరో ఎంతో ఓపిగ్గా దొడ్డిదారి అమర్చారని తేలింది. మార్చి 29న ఆయన లోకానికి చెప్పారు. ఆ కూర్పులు పెద్ద లినక్స్ పంపిణీల స్థిర విడుదలల్లోకి ఇంకా చేరలేదు. మరికొన్ని నెలలు ఎవరూ గమనించకుండా ఉంటే, లోకంలోని లెక్కలేనన్ని సర్వర్ల తలుపులు ఒకే మనిషి చేతిలోని తాళంచెవికి తెరుచుకునేవి. విఫల లాగిన్లను రోజూ చూసే అలవాటు, మామూలు రోజు ఎలా ఉంటుందో ఎరిగి ఉండటం ఎంత విలువైనవో దీనికి మించి చూపే ఉదాహరణ ఇటీవల లేదు.

చిట్టా చెరగకముందే

చొరబాటు జరిగిందని గట్టి అనుమానం కలిగితే, మన ఆఫీసుల్లో మొదట అనిపించేది యంత్రం ఆపి మళ్లీ పెట్టడం. అది చేయకూడదు. ఆపితే ఆ క్షణాన నడుస్తున్న దొంగ కార్యక్రమాల జాడ మెమరీతోపాటే పోతుంది. నెట్‌వర్క్ తీగ పీకేస్తే చాలు. తర్వాత చిట్టాలన్నిటినీ వేరే డిస్క్‌కు నకలు తీయాలి. ప్రతి వాడుకరి ఇంటి సంచయంలో అనుమతి ఉన్న తాళంచెవుల జాబితాలో కొత్త పేరు చేరిందా, వేళకు తనంతట తాను నడిచే క్రాన్ పనుల్లో ఎవరికీ తెలియనిది ఉందా, సున్నా సంఖ్య గల వాడుకరి రూట్ కాక మరొకరు ఉన్నారా అన్నవి చూడాలి.

రూట్ అధికారం చిక్కించుకున్నవాడు చిట్టాను కూడా చెరపగలడు. నిన్నటిదాకా వేల వరుసలున్న బీటీఎంపీ ఇవాళ ఖాళీగా ఉండటం, చిట్టా మధ్యలో మూడు గంటలపాటు ఒక్క వరుసా లేకపోవడం కూడా సాక్ష్యాలే. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో ఖాతాల లెక్కలో 75 సెంట్లు తేడా ఎందుకొచ్చిందో చూడమంటే, క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆ తీగ పట్టుకుని చివరికి పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరంలో ఉన్న చొరబాటుదారుడి దాకా వెళ్లారు. దొంగ కొట్టే ప్రతి మీటనూ ఆయన బయటి తీగలకు తగిలించిన ప్రింటర్ల మీద కాగితానికెక్కించారు. దొంగ చేతికి అందని చోట చిట్టా ఉండటం వల్లే ఆ కేసు నిలిచింది. ఇవాళ అదే పనికి చిట్టాను క్షణక్షణం మరో యంత్రానికి పంపే ఆర్‌సిస్‌లాగ్ ఏర్పాటు సరిపోతుంది. పాత కంప్యూటర్ ఒకటి మూలన ఉంటే దానికే ఈ పని అప్పగించవచ్చు.

దేశంలో ఇటువంటి సంఘటనలను చూసే జాతీయ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, సర్వీసు ఇచ్చే సంస్థలు, డేటా కేంద్రాలు, ప్రభుత్వ సంస్థలు సంఘటన తెలిసిన ఆరు గంటల్లోపు నివేదించాలి, గడియారాలను జాతీయ కాల సర్వర్లతో సరిపెట్టుకోవాలి, చిట్టాలను 180 రోజులు దాచాలి. ఈ 180 రోజుల నియమం దగ్గర చాలా యంత్రాలు తెలియకుండానే తప్పుతాయి. చిట్టాలు ఉబ్బకుండా పాతవాటిని తీసేసే లాగ్‌రొటేట్ అనే కార్యక్రమం, మార్చకుండా వదిలేస్తే, సాధారణంగా వారానికొక పుస్తకం చొప్పున నాలుగు వారాలవే ఉంచుతుంది. డబ్ల్యూటీఎంపీ, బీటీఎంపీలకైతే పోయిన నెల దాటి వెనక్కి పోదు. సెలవుల్లో జరిగిన చొరబాటు కళాశాల తెరిచాక బయటపడితే, చూడటానికి పుస్తకమే మిగలదు. లాగ్‌రొటేట్ అమరికల దస్త్రంలో ఆ నాలుగును 26 చేస్తే 182 రోజులవుతుంది. నెలవారీ పుస్తకాలకు ఒకటి ఉన్నచోట ఏడు రాయాలి.